మత్స్యగుండం చేపలకు కాపలా ఎవరు?

హుకుంపేట మండలంలో చేపను చూడాలంటే మఠం అనే ఊరికి వెళ్ళాలి. పట్టాలంటే మఠం తప్ప ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఇంత చిన్న సంగతికి ఇన్ని కాగితాలెందుకంటే, చలికాలం వచ్చిందంటే చాలు, మైదానం నుంచి కార్లలో వచ్చే కుర్రాళ్ళు రోడ్డు పక్క టీ దుకాణం దగ్గర ఆగి ఒకటే అడుగుతున్నారు. గెడ్డ ఒడ్డున గుడారం వేసుకుని, గాలం వేసి, పట్టిన చేపని అక్కడే కాల్చుకు తినే చోటు ఉందా మాస్టారూ అని. ఉంది, ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కానీ వాళ్ళు ఫోనులో తీసి చూపించే బొమ్మ మాత్రం ఎప్పుడూ మఠం దగ్గరి మత్స్యగుండానిదే. నేను ఈ మండలంవాణ్ణే. భగత గిరిజనుల ఇంట పుట్టాను, ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందుకని ఆ గుండం చేపల్ని ఇన్ని తరాలుగా ఎవరూ ఎందుకు కూర వండుకోలేదో నాకు తెలిసినంత మేర చెబుతాను.

ముందు గెడ్డ సంగతి. మత్స్యగెడ్డ మాడుగుల కొండల మీద, మూడు వేల అడుగుల ఎత్తున్న మెట్టలో పుడుతుంది. తూర్పున సముద్రం అంత దగ్గరలో ఉన్నా అటు పోదు. ఉత్తరానికి తిరిగి, మా ఊళ్ళ పొలాలు తడుపుకుంటూ, చిన్నచిన్న గెడ్డల్ని కలుపుకుంటూ దిగువకి వెళ్ళి మాచ్‌ఖండ్ అవుతుంది. డుడుమ దగ్గర ఐదు వందల అడుగుల పైనుంచి లోయలోకి దూకుతుంది. అక్కడి నుంచి సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అంటే మేం మఠం దగ్గర కాళ్ళు కడుక్కున్న నీరు ధవళేశ్వరం ఆనకట్ట కింద వరికి పారుతుందన్నమాట. సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఇంత చుట్టు తిరిగే ఏరు ఈ కొండల్లో ఇంకోటి లేదని మా పిల్లలకి పటం గీసి చూపించేవాణ్ణి.

మఠం ఊరి దగ్గర ఈ గెడ్డకి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక రాతి కట్ట ఉంది. మనుషులు కట్టింది కాదు, కొండ తనంత తనే పెట్టుకున్నది. ఏరు దాని ముందుకొచ్చి పెద్ద బిలంలో పడి మాయమవుతుంది. రాళ్ళ కింద కొంత దూరం నడిచి అవతల మళ్ళీ పైకొస్తుంది. అలా పైకొచ్చిన చోట ఏర్పడ్డ మడుగే మత్స్యగుండం. పక్కనే మత్స్యలింగేశ్వరుడి గుడి, వెనక యెండ్రిక కొండ. మడుగు నిండా చేపలు. మేం వాటిని గుండం చేపలనే అంటాం, పుస్తకాల వాళ్ళు మహసీర్ అంటారు. వెడల్పాటి నోరు, పెదాల పక్కన రెండు జతల మీసాలు, పాత రూపాయి బిళ్ళంత పొలుసులు. ఎండ పడితే రాగి రంగు, మబ్బు పడితే నాచు రంగు. అరటి ముక్కో కొబ్బరి ముక్కో వేస్తే ముందు చిన్నవి దూసుకొస్తాయి. పెద్దవి తొందరపడవు. కింద నుంచి నెమ్మదిగా లేచి, చిన్నవి తప్పుకున్నాక నోరు తెరుస్తాయి. వాటికి దంతాలు గొంతులో ఉంటాయి. ఏటి గట్టు మీది మేడిపళ్ళు, నత్తలు, ఎండ్రకాయలు అన్నీ అక్కడే నలుగుతాయి.

ఈ మడుగు గురించి నేను చూసిన అచ్చు రాతల్లో వివరమైనది 1907 నాటిది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే ఐసీఎస్ దొర విశాఖపట్నం జిల్లా గెజెటీరు రాశాడు. అందులో మఠాన్నీ, యెండ్రిక కొండనీ (ఎత్తు 5,188 అడుగులని లెక్క కూడా వేశాడు), రాళ్ళ కింద మాయమయ్యే ఏటినీ, చేతిలోంచి మేత తిని, వీపు నిమిరినా బెదరని పెద్ద చేపల్నీ ప్రస్తావించాడు. అప్పటికి గుడి చిన్న పూరిపాకలాంటిదే. శివరాత్రికి జాతర జరిగేది, పూజారి భగత, చేపలకి మేత వెయ్యడం పూజలో భాగం. ఇవన్నీ ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఈ చేపల్ని ఎవరూ ముట్టరు, ఒకటి మాడుగుల జమీందార్ల కట్టడి, రెండోది జనం భయం అని కారణం కూడా చెప్పాడు. ఆ భయాన్ని మూఢనమ్మకం ఖాతాలో వేశాడనుకోండి. దొరలు దొరలే.

భయానికి మూలమైన కథని కూడా ఆయన ఎక్కించాడు. అది ఇప్పటికీ మా ఊళ్ళలో చెబుతారు. బరువులెద్దులు తోలుకుని వచ్చిన ఒక బంజారా ఇక్కడ మజిలీ వేశాడు. గుండంలో చేపని పట్టి కూర వండాడు. చేపల రాజు శపించాడు. బంజారా, అతని ఎద్దులు ఉన్నచోటే రాళ్ళయిపోయారు. ఆ రాళ్ళు ఇవేనని చూపిస్తారు.

నాకు ఈ కథలో శాపం కన్నా ఎద్దులు ముఖ్యం. కొండ మీద ఉప్పు పుట్టదు. మా తాతల కాలానికి ముందు, కోస్తా ఉప్పుని కంట్ల పెరికెల్లో నింపి ఎద్దుల మీద వేసి కనుమలు ఎక్కించి జయపురం, బస్తరు దాకా తీసుకుపోయింది బంజారాలే. తిరుగు దారిలో ధాన్యం, నూనెగింజలు కిందికి దించేవారు. వందల ఎద్దులు నీళ్ళున్న చోటే ఆగాలి. మత్స్యగెడ్డ ఒడ్డు అలాంటి చోటు. అలా ఆగిన బాటసారి ఊరు ఎరగడు, కట్టుబాటు ఎరగడు, రేపు పొద్దున్నకి ఉండడు. తప్పు చేసినవాడు కథలో ఊరివాడు కాకుండా పైవాడే ఎందుకయ్యాడో దీన్నిబట్టి తెలుస్తుంది. ఊరివాడికి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది మజిలీ వేసేవాడికి. బండిదారులు పడ్డాక, ఇనుపఖనిజం కోసం 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు వేశాక ఆ ఎద్దుల వ్యాపారం ఊసే లేకుండా పోయింది. దారి పోయింది గాని కథ మిగిలింది. ఇవాళ కార్లలో వచ్చే మజిలీ వాళ్ళకి కూడా అదే కథ చెబుతున్నాం.

జమీందార్ల సంగతికొస్తే, మాడుగుల వాళ్ళకి చేపంటే ఆషామాషీ కాదు. తాము మత్స్యదేశపు రాజుల సంతతి అని చెప్పుకునేవారు. పట్టాభిషేకం చేప ఆకారపు రాతి పీఠం మీద. జెండా మీద చేప. సంతకం బదులు చేప గుర్తు. వాళ్ళ కొలువులో కొందరు చేప ఆకారపు చెవిపోగులు పెట్టుకునేవారు. దీనికి వెనక చాలా పాత చరిత్ర ఉంది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో బుచ్చయ్యపేట మండలంలో ఉన్న వడ్డాది ఒకప్పుడు మత్స్య వంశపు రాజుల రాజధాని. ఆ వంశానికి చెందిన అర్జునుడనే రాజు శక సంవత్సరం 1191లో, అంటే క్రీస్తు శకం 1269లో, బ్రాహ్మణులకి అగ్రహారం ఇస్తూ వేయించిన రాగిరేకులు దిబ్బిడలో దొరికాయి. వాటిని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినవాడు గిడుగు రామమూర్తి. మనం వ్యావహారిక భాషకి ఆయన్ని తలుచుకుంటాం, సవరలకి చదువు చెప్పినందుకు తలుచుకుంటాం. మా గెడ్డ పేరున్న రాజవంశాన్ని లోకానికి చూపించిందీ ఆయనేనని మా మాస్టర్లలో కూడా చాలామందికి తెలియదు.

ఆ రేకుల్లో వంశం పుట్టుక ఇలా ఉంది. మత్స్య అనే నది దగ్గర నారంగుడనే ముని తపస్సు చేసుకుంటుంటే ఇంద్రుడు మంజుఘోష అనే అప్సరసని పంపాడు. ముని కోపగించి ఆమెని చేపవి కమ్మని శపించాడు. ఆ చేప కడుపున పుట్టినవాడు సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు అతనికి తన కూతురు ప్రభావతినిచ్చి, వడ్డాది సీమకి పాలకుణ్ణి చేశాడు. అక్కడి నుంచి అర్జునుడి దాకా వంశక్రమం. రాగిరేకుల్లో వంశం పొగిడించుకోవడం ఆ కాలపు రాజులందరి అలవాటే. సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో దిగాం అనేవారు. మావాళ్ళు మాత్రం ఏటి చేప నుంచి దిగాం అన్నారు. కొండ మీది అలవాటుని కింది రాజు తలకెత్తుకున్నాడా, కింది రాజు నమ్మకం కొండ మీదికి ఎక్కిందా అంటే, నా ఓటు మొదటిదానికే. చేపలు ఎక్కడున్నాయో చూడండి, వడ్డాదిలో కాదు, మఠంలో. మత్స్యదేశం కదాని విరాటరాజు కొలువు కూడా ఇక్కడే అనేవాళ్ళున్నారు. విరాటుడి కొలువు లేని జిల్లా ఉంటే ముందు అది చూపించమనండి.

ఇక పూజారి సంగతి. అందరూ దాటేసే ముక్క ఇదే. చేపలకి మేత వేసే గుడి పూజారి భగత అని ఫ్రాన్సిస్ రాశాడు కదా. భగతల వృత్తి గురించి 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదిక చూడండి. అదీ ఫ్రాన్సిస్ పర్యవేక్షణలో వచ్చిందే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో వేసిన కులాలు తెగల పుస్తకంలో కూడా ఉంది. భగతలు మంచినీటి చేపలు పట్టేవాళ్ళు, పొడవాటి ఈటెతో పొడవడంలో దిట్టలు, దసరా నాడు చేపల బుట్టల్నీ ఒక త్రిశూలం లాంటి దాన్నీ పూజిస్తారు అని. త్రిశూలం ఎందుకో జనాభా లెక్కల వాళ్ళకి అర్థం కాలేదు. చేపల్ని పొడిచే ఈటె అయ్యుంటుందని థర్‌స్టన్ సర్దిచెప్పాడు. సముద్ర జీవుల మీద పనిచేసిన మనిషి కాబట్టి ఈటెని గుర్తుపట్టాడు. మాడుగుల, గొలుగొండ పాలకుల్ని భక్తితో సేవించి మొఖాసా భూములు పొందారు కాబట్టి ఆ పేరొచ్చిందనీ, ఊరి పెద్దని పడాల్ అంటారనీ, కొన్ని ఊళ్ళ మీది పెద్దని నాయక్ లేదా రాజు అంటారనీ కూడా అందులో ఉంది. మా బడి హాజరు పట్టీల్లో పేరు చివర పడాల్ ఉన్న పిల్లలు ఇప్పటికీ బోలెడంత మంది.

అంటే కొండల్లో చేపలు పట్టడంలో ఎవరి చెయ్యి తిరిగిందో, వాళ్ళనే పట్టకూడని మడుగుకి కాపలా పెట్టారు. ఎవరు పెట్టారో నాకు తెలియదు గాని, బాగా ఆలోచించే పెట్టారు. చేప ఏ వేళ ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో, దొంగ ఏ పక్క నుంచి దిగుతాడో జాలరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా ఇంట్లో ఈటె ఉండేది. తాత దాన్ని చూరులో అడ్డంగా దోపేవాడు. సన్న వెదురు గడ, చివర కమ్మరి చేసిచ్చిన మూడు మొనలు, మొన మొనకీ వెనక్కి తిరిగిన ముల్లు. దసరాకి కొడవలి, గొడ్డలి, విల్లుతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టేవారు. చలికాలం పొద్దున నీళ్ళు తేరుకున్నాక, గెడ్డ ఒడ్డున తన నీడ నీళ్ళ మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా నిలబడేవాడు. చేప ఎక్కడ కనిపిస్తే అక్కడ పొడవకూడదు, దానికి కాస్త కిందకి పొడవాలి. నీరు కంటిని మోసం చేస్తుందని ఆయనకి ఏ సైన్సు మాస్టారూ చెప్పలేదు. నేను తరగతిలో కాంతి వక్రీభవనం పాఠం చెప్పినప్పుడల్లా ఆ ఈటె గుర్తొచ్చేది, పిల్లలకి దాంతోనే చెప్పేవాణ్ణి.

ఈటె మగవాళ్ళ సరదా. ఇల్లు గడిచే చేప మాత్రం మావుల్లోనూ ఊతల్లోనూ పడేది. ఊత రెండు పక్కలా నోరున్న వెదురు బుట్ట. కింద వెడల్పు, పైన సన్నం. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ దాన్ని బురదలోకి దిగేస్తూ పోవాలి. లోపల చేప పడితే ఈనెలకి కొట్టుకుంటుంది, ఆ అదురు చేతికి తెలుస్తుంది. అప్పుడు పైనోట్లోంచి చెయ్యి పెట్టి తియ్యాలి. కొర్రమీనైతే సరే, మార్పు చేపయితే ముల్లు గుచ్చుతుంది. మావు అలా కాదు, అది పెట్టి వదిలేసేది. వెదురు ఈనెలు అల్లి, లోపల ఇంకో గరాటు అమర్చి, వెళ్ళిన చేప తిరిగి రాకుండా చేస్తారు. తొలకరి వానలకి చేపలు ఏటికి ఎదురెక్కి మడుల్లోకొస్తాయి. అప్పుడు మావు నోరు దిగువకి పెట్టాలి. వానలు వెనకబట్టి మడుల్లో నీరు దిగేటప్పుడు చేపలు తిరిగి గెడ్డకి పోతాయి. అప్పుడు నోరు ఎగువకి. రెండో రకం పట్టే మాకు పెద్దది, ఎందుకంటే అప్పటికి పిల్లలు పెరిగుంటాయి. ఎండాకాలం గెడ్డ సన్నబడ్డాక రాళ్ళు, కొమ్మలు, మట్టి వేసి చిన్న కట్ట కట్టి, నీళ్ళు పక్కకి మళ్ళించి, మిగిలిన గుంటని తోడేవాళ్ళం. అది ఊరంతా కలిసి చేసే పని. ఆడవాళ్ళు పాత చీరలు ఇద్దరేసి పట్టుకుని పరిగెలు ఎత్తేవారు. పంపకం సమంగా. పని చెయ్యలేని ముసలివాళ్ళకీ వాటా ఉండేది. పరిగెల్ని ఉప్పు, కారం, చింతపండు పట్టించి అడ్డాకులో చుట్టి నిప్పుల్లో పెడితే, ఆకు మాడేసరికి లోపల ఉడికిపోయేవి. పక్కన చోడంబలి. ఏ రిసార్టులోనూ ఆ రుచి పెట్టలేరు. పెడితే రేటు చూసి మేమే పారిపోతాం.

మంగకాయలు దంచి, జెముడు పాలు కలిపి మడుగులో పోసి చేపల్ని మత్తుకి తేలించడం కూడా మా కొండల్లో ఉంది. దాచిపెట్టి లాభం లేదు. కొండవాళ్ళంతా పుట్టుకతోనే ప్రకృతి రక్షకులని పట్నంలో వ్యాసాలు రాసేవాళ్ళతో నేను ఏకీభవించను. మందు వేసినవాళ్ళూ మావాళ్ళే, తరవాత తూటాలు పేల్చినవాళ్ళూ ఉన్నారు. ఏటిలో మందు కలపడం, పేలుడు పదార్థం వెయ్యడం నేరమని 1897లోనే బ్రిటిషు ప్రభుత్వం మత్స్య చట్టం చేసింది, అది నేటికీ ఉంది. కానీ 1839 నుంచి వేరే ఏలుబడి కింద ఏజెన్సీగా ఉన్న కొండల్లో ఆ చట్టం చదివినవాడెవడు? అలాంటి రోజుల్లోనూ గుండంలో మందు పడలేదు. చెప్పుకోవలసింది ఇదే.

చిన్నప్పుడు నేను తాతని అడిగాను. మఠంలో అన్ని చేపలుంటే మనం ఈ బురదలో పరిగెల కోసం ఎందుకు దిగాలని. తాత ఊత దించి, "ఒరే బావూ, ఆటికి రాజు మాటుంది, శివుడి మాటుంది. ఆ రెండూ లేకపోయినా మన మాటుంది కదేటిరా" అన్నాడు.

ఆ మాట నిజమేనని చరిత్రే తేల్చింది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. ముఠాదారీ పద్ధతి 1969 రెగ్యులేషనుతో పోయింది. చేప జెండా లేదు, చేప పీఠం మీద కూర్చునే రాజు లేడు, అయినా చేపలున్నాయి. కాపాడింది రాజే అయితే రాజుతోనే పోవాలి. ఫ్రాన్సిస్ గెజెటీరులో ముందు పేరు జమీందారుది. నేనైతే ఆ వరస తిప్పి రాస్తాను. ముందు పూజారి, తరవాత ఊరు, ఆఖరున రాజు.

దొరలకి మహసీర్ అంటే ఇంకో రకం భక్తి. మద్రాసు సివిల్ సర్వీసులో కలెక్టరుగా చేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అని గాలం వేటకి ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లండులో సాల్మన్ చేప ఎలాగో ఇక్కడ మహసీర్ అలాగని నేర్పింది ఆ తరం వాళ్ళే. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబీకుడు కబినిలో 120 పౌండ్ల చేపని గాలంతో పట్టాడు. తరవాత కర్ణాటక ప్రభుత్వ సంస్థే కావేరి ఒడ్డున భీమేశ్వరిలో శిబిరం నడిపింది. విదేశాల నుంచి వచ్చి, గుడారాల్లో ఉండి, పట్టిన చేపని తూచి ఫోటో తీసుకుని తిరిగి వదిలేసేవారు. ఊళ్ళో వేటగాళ్ళకి అక్కడ దారి చూపించే ఉద్యోగాలు దొరికాయి, దొంగవేట కొంత తగ్గింది కూడా. అభయారణ్యంలో గాలం వెయ్యడం వన్యప్రాణి చట్టానికి విరుద్ధమన్న అభ్యంతరంతో ఆ సరదా ఆగిపోయింది. కావేరి మహసీర్‌ని 2018లో అంతరించే ప్రమాదం అంచున ఉన్న జాతిగా ప్రకటించారు. శృంగేరిలో తుంగ ఒడ్డున మఠం మెట్ల దగ్గర మాత్రం చేపలు ఇప్పటికీ మరమరాలు తింటున్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మా పూజారి తెలివితక్కువవాడేమీ కాదు.

మా గెడ్డకి ఇంకో ఇబ్బంది ఉంది. డుడుమ అంత ఎత్తు నుంచి దూకుతున్నప్పుడు గోదావరి చేప అక్కడి నుంచి పైకి ఎక్కలేదు. అంటే పై గెడ్డ చేపలు పై గెడ్డలోనే పుట్టి పెరగాలి. కింది నుంచి విత్తనం రాదు. మహసీర్ నెమ్మదిగా ఎదుగుతుంది. వానాకాలం ఎదురెక్కి, గులకరాళ్ళున్న చోట, పారే నీళ్ళలో గుడ్లు పెడుతుంది. మాచ్‌ఖండ్ విద్యుత్ పథకం పని మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల ఒప్పందంతో మొదలై 1955లో కరెంటు ఇచ్చింది. దానికోసం ముంచింగిపుట్టు వైపు జలాపుట్ ఆనకట్ట కట్టారు. ఊళ్ళు మునిగాయి, పారే ఏరు నిలవ నీరయింది. నిలవ నీటిలో బొచ్చె, రవ్వు పెరుగుతాయి, దోనెల మీద వలలేసి బతికేవాళ్ళు బతుకుతున్నారు. మహసీర్‌కి మాత్రం ఆనకట్టకి ఎగువనున్న గెడ్డలే దిక్కు. అందులో మా మండలం ఒక ముక్క.

ఇప్పుడు ఆ ఎగువన కాఫీ ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా పిల్లల ఫీజులు దాంతోనే కడుతున్నాం, కాదనను. కానీ పండు తొక్క తీసి కడిగిన నీరు గెడ్డలోకి వదిలితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. పంట కాలం సరిగ్గా గెడ్డ సన్నబడే కాలం. తొక్క నీటిని గుంట తీసి ఇంకించడం పెద్ద ఖర్చు పని కాదు. దానికి తోడు శివరాత్రి మర్నాడు మడుగులో తేలే కవర్లు. బస్సుల్లో, జీపుల్లో, ఆటోల్లో జనం రావడం మంచిదే, మూడొంతులు మావాళ్ళే. బిస్కెట్టుతో పాటు దాని కాగితం కూడా వేసేవాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు. నా కంటికి చిన్న చేపలు బాగానే కనిపిస్తున్నాయి. నెమ్మదిగా లేచే పెద్దవి తగ్గాయనిపిస్తోంది.

సంతలో చేపల వరస కూడా మారింది. పూర్వం సంతకి వెళ్తే వాసనే దారి చూపించేది. కింది నుంచి వచ్చిన ఎండు నెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు గోనె మీద వాటాలుగా పోసి ఉండేవి. అడ్డాకులు, పిప్పళ్ళు, పసుపు అమ్మిన డబ్బుతో ఉప్పు, ఎండు చేప కొనుక్కుని ఇంటికి పోయేవాళ్ళం. ఇప్పుడు ఐసు పెట్టెల్లో మైదానపు చెరువు చేప పైకొస్తోంది. మా గెడ్డ చేప సంతకే రాదు, వచ్చేంత పడదు. వెదురు మావులు అల్లేవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. కుర్రాళ్ళు నైలాను వల కొంటున్నారు, సన్న కన్ను వల. అందులో పిల్ల చేప కూడా ఉండిపోతుంది. మావు ఈనెల సందులోంచి పిల్ల చేప జారిపోయేది.

గెడ్డ ఒడ్డున రిసార్టు కడతామని అడిగేవాళ్ళు కూడా బయల్దేరారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదని 1959 భూబదలాయింపు రెగ్యులేషను, దానికి 1970లో చేసిన సవరణ చెబుతున్నాయి. మేం వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. ఊరివాడి పేరు మీద కాగితం, పైవాడి పెట్టుబడి అన్న దొడ్డిదారి అందరికీ తెలిసిందే. గిరిజన కుటుంబాలే తమ ఇళ్ళలో రెండు గదులు వేసి, చోడంబలి పెట్టి, ఊత పట్టడం నేర్పి డబ్బు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు, సంతోషం. దిగువ గెడ్డల్లో, ఊరు ఒప్పుకున్న చోట, ఊరి పద్ధతిలో పట్టనివ్వండి. గుండం, దాని ఎగువన గుడ్లు పెట్టే గులకరాళ్ళ గెడ్డ మాత్రం వదిలెయ్యాలి.

దానికి ఇవాళ చేప జెండా అక్కర్లేదు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పీసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణని పంచాయతీలకి అప్పగించింది, మన రాష్ట్రంలో 2011లో నిబంధనలూ వచ్చాయి. ఇంతకాలం మాట మీద నడిచింది, ఇప్పుడు కాగితం మీద పెట్టాలి. రాతి కట్టకి ఎగువ ఎంత దాకా, దిగువ ఎంత దాకా వల, గాలం, మందు, తూటా, ప్లాస్టిక్కు నిషేధమో హద్దురాళ్ళు పాతి రాసుకోవాలి. సన్న కన్ను వల ఎక్కడా వద్దని, కాఫీ తొక్క నీరు గెడ్డలోకి వదలకూడదని అందులోనే రాయాలి. జాతర వేలంపాట డబ్బులో కొంత మడుగు శుభ్రానికి కేటాయించాలి. 2022 ఏప్రిల్‌లో పాడేరు జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరు ఆఫీసు మాకు దగ్గరే, తీర్మానం నకలు ఇచ్చి రావడానికి ఒక పూట చాలు. మఠం గ్రామసభ పెద్దలు ఈ వేసవి లోపలే ఆ తీర్మానం చెయ్యాలి. రాత పనికి మనిషి కావాలంటే నేను వస్తాను.